పదికి ఆరున్నర

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవాటిని కూడితే ఇలా తేలుతుంది: నాలుగు కిలోల బరువు, ఒక ఎండాకాలానికి సరిపడా నిద్ర, అన్నం మీద రుచి, ఒక అన్నయ్య. (అన్నయ్యను చివర వేశానని కోప్పడకండి. ఆయన్ని ముందు వేస్తే కూడిక ముందుకు సాగదు.) ఆయన కిడ్నీ జబ్బుతో పోయాడు. మా ఉద్దానంలో అది కొత్త సంగతేమీ కాదు. కొత్తదల్లా నాకూ వచ్చిందేమోనని పట్టుకున్న భయం. పొద్దున్న లేవగానే చీలమండలు నొక్కి వాపు చూసుకునేవాణ్ణి. రక్తపరీక్ష చేయించుకుంటే ఒక్క పూటలో తేలిపోతుంది. కానీ తొమ్మిదో తరగతితో బడి మానేసి, కాశీబుగ్గ జీడిపప్పు బజారులో బ్రోకరుగా లెక్కలు నేర్చుకుని, ఊరందరి అంకెలూ నోటిలెక్కనే చెప్పగల నేను ఆ ఒక్క అంకె వినడానికి మాత్రం ఒప్పుకోలేదు.

విశాఖలో ఉద్యోగం చేసే మేనకోడలు నా సంగతి విని, హైదరాబాదులో ఉన్న ఒక కౌన్సెలరుతో ఫోనులోనే, వీడియోకాల్లో వారం వారం మాట్లాడే ఏర్పాటు చేసింది. "మందులుండవు మావయ్యా, మాట్లాడతారంతే" అంది. "మాటలకోసం హైదరాబాదు దాకా ఎందుకే? మన బజారులో ఉత్తినే దొరుకుతాయి కదేటి" అన్నాను. "ఉత్తివి ఇన్నాళ్లూ ఇన్నావు కదా, నిద్దరొచ్చిందేటి?" అంది. ముందు ఒక ఫారం వచ్చింది, వెనకే సూచనలు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, నిశ్శబ్దంగా ఉండే గదిలో ఒంటరిగా కూర్చోవాలి. (రాసినవారు మా వైపు ఇళ్లు ఎన్నడూ చూసి ఉండరు.) చివరికి మధ్యగదిలో నేను, ఎవరూ చొరబడకుండా గుమ్మం దగ్గర కాపలాగా మా ఆవిడ. మీరు చెప్పేదేదీ బయటికి పోదని కౌన్సెలరమ్మ నాకు మాటిచ్చింది. గుమ్మం దగ్గరావిడ ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

"మీ భయం పదికి ఎంత ఉంటుంది సార్?" అని అడిగిందా అమ్మాయి. అంకె అడిగేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఏ బేరమైనా కాస్త పైన మొదలుపెట్టడం మా పద్ధతి కాబట్టి "తొమ్మిది" అన్నాను. ఆమె మాట్లాడలేదు. మా బజారులో అవతలివాడు నోరు మెదపలేదంటే ధర ఎక్కువైందని అర్థం. "సరే, ఎనిమిది." మౌనం. "ఏడు చేసుకోండమ్మా." మళ్లీ మౌనం. (మనం ఇంకా ఏమైనా చెప్పుకుంటామేమోనని వాళ్లు అలా ఆగుతారట. ఆ ముక్క ఫారంలో రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?) "ఆరున్నర. ఇంతకన్నా దిగితే నాకు గిట్టదు" అన్నాను. ఆరున్నర అని రాసుకుంది. తర్వాత అన్నయ్య గురించి అడిగితే నేను విరగని గుండు పప్పుకీ చీలిన బద్దకీ తేడా వివరించాను. యాభై నిమిషాలూ అయిపోయాయి. తెలిసిన పార్టీ కదా అని రెండో వారం ఐదుకిచ్చాను, మూడో వారం నాలుగుకి. అంత మర్యాదగల కొనుగోలుదారును నేను చూడలేదు. ఒక్కసారైనా తగ్గించమనలేదు, తగ్గించిందంతా నేనే.

"బాగా మెరుగయ్యారు సార్. మీకు సరే అనిపిస్తే ఇక ఆపేద్దామా?" అంది. "నాలుగే కదా, ఆపేద్దాం" అన్నాను. అంతే, మా ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. "నాలుగేటి మావా? రేత్రంతా కాళ్లు నొక్కుకున్నోడివి నాలుగేటి? బయానికి కూడా బేరమేటి? ఆ పిల్లకి నిజం సెప్పీ!" ఆ విసురుకు ఇయర్‌ఫోను ఊడిపోయి, కౌన్సెలరమ్మ గొంతు గదిలోకి వచ్చేసింది. ఒప్పుకున్న ధర మీద పైకి పోయే బ్రోకరుకి మా బజారులో ఎవరూ టీ కూడా ఇప్పించరు. అయినా పోయాను. "తొమ్మిది" అన్నాను. అన్నాక తెలిసింది, మొదటిరోజు పెంచి చెప్పాననుకున్నది అసలు ధరేనని. ఈసారి ఆమె ఊరుకుంటే నేనూ ఊరుకున్నాను. కాసేపటికి అన్నయ్య గురించీ, చేయించుకోని పరీక్ష గురించీ చెప్పాను, ఏడ్చాను కూడా. (ఫోనులో మన ఏడుపుమొహం మనకే చూపిస్తారు, ఇదీ ఫారంలో లేదు.) పరీక్షకి వెళ్లమని ఆమె అనలేదు. "వెళ్తే మీతో ఎవరు వస్తారు?" అని మాత్రం అడిగింది. "ఎవులొత్తారేటి? నానొత్తాను" అంది మా ఆవిడ, ఫోను వైపు తిరిగి.

మర్నాడు పలాసలో పరీక్షకి రక్తమిచ్చాను. సాయంత్రం వచ్చిన కాగితంలో అంకె ఉండాల్సిన హద్దులోనే ఉంది. ఏడాదికోసారి చూపించుకోమన్నారు, చూపించుకుంటున్నాను. ఆవేళ ల్యాబు ఎదుట టీ తాగుతూ, పెద్ద తెలివొచ్చినవాడిలా మా ఆవిణ్ణి అడిగాను: "మరి నీ బయం పదికి ఎంతే?" ఆమె గ్లాసు కింద పెట్టింది. "మీ అన్న పోయిన కాణ్ణించీ అడగనోడివి, ఇయ్యాలేటి మావా అడగడం? సెప్పను ఫో. సెప్తే తగ్గించమంటావు." ఊరందరి అంకెలూ తనకే తెలుసని తిరిగిన అప్పటి పెద్దమనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. తర్వాత చాలాసార్లు అడిగాను. ఆ ఒక్క అంకె నాకు ఇంకా రావలసే ఉంది.