కత్తెరకు గుచ్చిన నిమ్మకాయ

ఏడింటికి రావలసిన ప్యాసింజర్ హిందూపురానికి ఏడున్నరకు వచ్చింది. ధర్మవరానికి టిక్కెట్ తీసుకుని ఎక్కాను. నిన్న సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "నువ్విచ్చిన కత్తెర తుప్పు పట్టిందిరా. ఆ తుప్పునీళ్ళు మగ్గం మీది చీర మీద కారినాయి. రేపు షావుకారు వస్తాడు." ఈ చీర కూడా బాగలేకపోతే ఇక నేతకు పట్టు ఇవ్వనని ఆయన ముందే చెప్పాడట. పట్టు రాకపోతే అక్క మగ్గం ఆగిపోయినట్టే.

నేను కత్తెరల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాను. పెనుకొండలో స్టీలు గిన్నెల మూటతో ఎక్కిన పెద్దాయన నా పని తెలుసుకుని అడిగాడు.

"కత్తెర్లకు అయస్కాంతం అంటుకుంటాదంట. డూప్లికేటు స్టీలా అప్పా?"

"కాదన్నా. మీ గిన్నెల స్టీలుకు అయస్కాంతం అంటుకోదు గానీ, పదును నిలవదు. మాది ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతాం, గట్టిపడుతుంది. పెళుసు పోవడానికి మళ్ళీ కొంచెం వేడి చేస్తాం. ఆపరేషన్ కత్తులు, పంపు షాఫ్టులు ఇట్లాంటి స్టీలే. మార్టెన్సిటిక్ అంటారు. తడి, పులుపు తగిలితే తుప్పు పడుతుంది."

"స్టీలంటే ఏదైనా ఒకటే అనుకుంటిమే," అన్నాడాయన. అక్కకు మాత్రం ఇచ్చిన రోజే చెప్పాను, తుడిచి, నూనె రాసి, పొడిగుడ్డలో చుట్టి పెట్టమని. దారి పొడుగునా ఆమె మీద కోపంగానే ఉంది.

ధర్మవరంలో చల్లారిన ఇడ్లీ తిని, ఆటోలో ఇల్లు చేరేసరికి పది దాటింది. మగ్గం పైకొయ్యకు కత్తెర వేలాడుతోంది. దాని మొనకు ఆయుధపూజ నాటి నిమ్మకాయ, కుళ్ళిపోయి. కింద మీగడరంగు పట్టు మీద గోధుమరంగు మరక.

"తుడవమంటి కదక్కా."

"దేవునికి పెట్టింది, తీయగూడదు గదరా. నిమ్మకాయ తీయకుండా యాడ తుడిసేది?"

నా కోపం చప్పబడిపోయింది. తడిగుడ్డతో అద్ది చూశాను, మరక ఇంకా పాకింది. మధ్యాహ్నం షావుకారు వచ్చాడు. కేకలేమీ వేయలేదు. మరక మీద వేలు పెట్టి చూసి, "ఇంక చాల్లేమ్మా" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం బయల్దేరుతుంటే అక్క ఒక గుడ్డమూట చేతిలో పెట్టింది. తిరుగు రైలు ఖాళీగా ఉంది. పెనుకొండ కొండ చీకట్లో కలిసిపోయాక మూట విప్పాను. లోపల కత్తెర. తుప్పు పోయేదాకా రుద్ది, తడి లేకుండా తుడిచి, కొబ్బరినూనె రాసి, పొడిగుడ్డలో చుట్టింది. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది.

ఇక ఆ ఇంట్లో దాంతో పని లేదు.