నాలుగు పేజీల దుఃఖం, ఒక చీపురు

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో కొలత తగ్గితే ఊరుకునే మనిషి లేడు. బట్టలంగడి పెట్టుకున్న మా ఇంట్లో అసలే లేరు. ఆ అలవాటు కొద్దీ నేను ఒక సినిమా దర్శకుడి మీద కూడా తగాదాకు దిగాను.

అంతకుముందు పక్కింటి అక్క నాకొక నవల చదివి వినిపించింది. కూతురిని అత్తవారింటికి పంపిన తల్లి దుఃఖాన్ని రచయిత అందులో నాలుగు పేజీలు రాశాడు. పిల్ల తొలి అడుగు, జ్వరాలు, అలకలు అన్నీ ఆ తల్లి తలచుకుంటుంది. వింటూ పావడా తడిసేలా ఏడ్చాను. ఆ నవలే సినిమాగా వస్తే మా తాత నన్ను తీసుకువెళ్ళాడు. ఆ చోటు వస్తోందని తెలిసి ఏడవడానికి సిద్ధమై కూర్చున్నాను. తెర మీద తల్లి వాకిలి ఊడుస్తోంది. కూతురు వెళ్తూ వేసిన ముగ్గు దగ్గర చీపురు ఆగింది. ముగ్గును చెరపకుండా చుట్టూ తిరిగి పోయింది. మాట లేదు, పాట లేదు.

"ఏంది తాతా, నాలుగు పేజీలకు ఇంతేనా? శానా తక్కువ కొల్చినాడు" అన్నాను దారిలో.

తాత నవ్వాడు. "రేపు అంగడికి రామ్మీ, చూద్దాం."

మర్నాడు సింహాద్రిపురం నుంచి ఒక తల్లీ, పెండ్లికూతురూ చీరకు వచ్చారు. తాత ఒక పట్టుచీర మడత విప్పకుండానే తల్లికి దాని కథ చెప్పాడు: నేత ఎంత బిగువు, రంగు ఎలా నిలుస్తుంది, మనవరాలు కూడా ఎలా కట్టుకుంటుంది. తల్లి కరిగిపోయింది. కూతురు మాత్రం మొహం తిప్పుకుని కూర్చుంది. పొద్దుటినుంచి ఆమెకు ఏ అంగట్లోనూ ఏదీ నచ్చలేదట. బేరం పోతుందన్న భయంతో నేను అందుకుని ఆ కథంతా ఆమెకు మళ్ళీ మొదటినుంచి అప్పజెప్పాను.

"ఈ పిల్లకు నోరు నొయ్యదా? పోదాం పా మా, ఎదురంగడి చూద్దాం" అంటూ ఆమె లేచింది.

తాత నన్ను కంటితోనే ఆపాడు. ఒక్క మాటా అనకుండా కొంగు విప్పి, కూతురి భుజాన వేయమన్నట్టు తల్లి చేతికిచ్చాడు. అద్దాన్ని వాకిలి వెలుతురుకు తిప్పాడు. పెండ్లికూతురు నిలబడే చూసుకుంది. కొంగు జారబోతే తనే పట్టుకుంది. కాసేపటికి కూర్చుంది.

"ఇదే ఇయ్యి మామా."

వాళ్ళు వెళ్ళాక తాత నా వైపు తిరిగాడు. "తల్లికి చెప్పినా. బిడ్డకు చూపిచ్చినా. చీర ఒకటే. ఎవరికి తక్కువ కొల్చినానో చెప్పమ్మీ."

నాకు నవలా, సినిమా గుర్తొచ్చాయి. రచయిత మాటలిస్తే బొమ్మ నేను గీసుకున్నాను. దర్శకుడు బొమ్మ చూపించి మాటలు నాకు వదిలేశాడు. రెండు చోట్లా కొంత సరుకు నాదే. తాత మాత్రం ఆ సాయంత్రం బజారంతా మీసం దువ్వుతూ చెప్పుకున్నాడు, "మా అమ్మి సినిమా తీసినాయనతోనే బేరమాడింది" అని.

ఆయన మనవరాలినని నాకు ఇప్పటికీ గర్వమే. నన్ను చూస్తే కూరగాయలామె ముందుగానే గంప మూసుకుంటుంది. కానీ మా అమ్మాయి అత్తవారింటికి వెళ్ళిన మర్నాడు వాకిలి ఊడుస్తూ, అది వేసి వెళ్ళిన ముగ్గు దగ్గర ఆగాను. చుట్టూ ఊడ్చి లోపలికొచ్చాను. మా పెండ్లయ్యాక నేను నోరు విప్పని పూట అదొక్కటేనని మా ఆయన అందరికీ చెబుతాడు.