ఎడమవైపు కొట్టిన పిన్నులు

పదకొండేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మావారికి చెప్పాల్సిన మాట. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి, అంతే. ధైర్యమనుకోకండి.

నిఖిల్, నేను అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఒక ఆర్ట్ కాలేజీలో కామిక్స్ చదివాం. మా బ్యాచ్‌లో తెలుగువాళ్లం ఇద్దరమే. ఇద్దరికీ మాంగా పిచ్చి. ఆ జపాన్ బొమ్మల కథలు కుడినుంచి ఎడమకు చదవాలి కదా, నిఖిల్ కూడా అలాగే గీసేవాడు. అతనంటే నాకు ప్రాణం. చెప్పానా? లేదు. పక్కన కూర్చుని అతని పేజీల్లో నల్లరంగు నింపేదాన్ని, అదే నా ప్రేమ.

ఆఖరి ఏడాది న్యూయార్క్‌లో ఒక కామిక్స్ స్టూడియో మాలో ఒకరిని తీసుకుంటామంది. అందుకు ఎవరి కథని వాళ్లు పుస్తకంగా చేసి ఇవ్వాలి. ఇవ్వాల్సిన రోజున నిఖిల్‌కి జ్వరం. పేజీలు నా చేతిలో పెట్టి, స్టేప్లర్ పిన్నులు కొట్టి ఇచ్చెయ్యమన్నాడు. అలవాటు కొద్దీ ఎడమవైపు కొట్టేశాను. తెరిచి చూశాక తెలిసింది, అతని కథకి కుడివైపు కొట్టాలని. అలా ఉంటే ఎవరైనా ఎడమనుంచే చదువుతారు. జవాబు ముందు వస్తుంది, ప్రశ్న తర్వాత. కథలో అమ్మాయి ఏడ్చేశాక ఉత్తరం అందుతుంది.

పిన్నులు పీకి మళ్లీ కొట్టడానికి రెండు నిమిషాలు చాలు. పీకలేదు. ఇతను వెళ్లిపోతే నేనేమైపోవాలి? ఆ ఒక్క ఆలోచనతో, తెలిసి తెలిసి, అలాగే ఇచ్చి వచ్చాను. చిన్నపిల్లని, బుద్ధి లేదు అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. బుద్ధి ఉండబట్టే కదా అంత జాగ్రత్తగా నోరు మూసుకున్నాను?

పుస్తకం తిరిగి రాలేదు. ఒక్క ముక్క రాసి పంపారు: బొమ్మలు బాగున్నాయి, కథ నడపడం రాదు. నిఖిల్ క్లాసు బయట మెట్ల మీద నా పక్కన కూలబడ్డాడు.

"ఏయ్, నువ్వు చదివావ్ కదా. హానెస్ట్‌గా చెప్పు. నా స్టోరీ అంత కన్‌ఫ్యూజింగ్‌గా ఉందా?"

"కొంచెం... ఫ్లో మిస్ అయిందిరా."

"ముందే చెప్పొచ్చు కదే?"

"నువ్వు ఫీలవుతావని..."

పిన్నుల్ని పొరపాటనొచ్చు. ఈ మాటని ఏమంటారు?

అతను మళ్లీ కథ జోలికి పోలేదు. మేం పెళ్లి చేసుకున్నాం. ఇప్పుడు టెక్సస్‌లో, కాపెల్ అనే ఊళ్లో ఉంటున్నాం, అతను యాప్‌లకి బటన్లు డిజైన్ చేస్తుంటాడు. మొన్న మా ఆరేళ్ల పాప కథ చెప్పమని అతని ఒళ్లోకి ఎక్కింది.

"స్టోరీస్ డాడీకి రావు కన్నా, మమ్మీని అడుగు. నేను బొమ్మ వేసిస్తా."

నవ్వుతూనే అన్నాడు. సింక్ దగ్గర నిలబడి కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాను.

చెబితే వదిలేస్తాడేమో. వదలకుండా, ఏమీ అనకుండా, నన్ను చూస్తూ ఉండిపోతే? అదే ఎక్కువ భయం. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాసినందుకు కాస్త ఊపిరాడుతోంది, అంతవరకే.

అతని కథ చాలా బాగుంది. దాన్ని కుడినుంచి సరిగ్గా చదివింది లోకంలో నేనొక్కదాన్నే. చదివి ఏడ్చాను. ఆ సంగతి అతనికి ఇంకా తెలీదు.