ఎడమవైపు సుడి తిరిగిన టోపీ

తల్లి గర్భంలో మనల్ని రూపించిన దేవునికి ముందుగా స్తోత్రం. ఊపిరి ఇచ్చేదీ ఆయనే, తీసుకునేదీ ఆయనే. ఆయన ఇచ్చినప్పుడు పాడిన నోటితోనే తీసుకున్నప్పుడు కూడా ఆయన్ను స్తుతించే కృప నాకు కడవరకూ ఉండాలి. ఈ మాట రాయకుండా మిగతాది రాయడానికి నా చెయ్యి ఒప్పుకోదు.

నేను దయ్యాలను నమ్మను. చిన్నప్పుడు కూడా నమ్మలేదు. మా నాన్న బడిపంతులు, తిరువూరులో మా సంఘానికి పెద్ద. చనిపోయిన విశ్వాసులు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారనీ, వాళ్ళు తిరిగి వచ్చి మన ఇళ్ళలో మసలరనీ ఆయన మాకు నేర్పారు. బళ్ళో తోటిపిల్లలు ఎవరో కనబడ్డారని, ఏదో వినబడిందని చెప్పుకుంటుంటే నేను నవ్వేదాన్ని. ఇప్పటికీ ఆ నమ్మకం మారలేదు. అయినా ఎమర్జెన్సీ రోజుల్లో, మా ఇంట్లో, పట్టపగలు జరిగిన ఒక సంగతి మాత్రం నా నమ్మకంలో ఎక్కడ సర్దాలో నాకు తెలియలేదు. చూసింది చూసినట్టు రాస్తాను.

మా అమ్మ మేం చిన్నపిల్లలుగా ఉండగానే పోయింది. అక్క కరుణనూ నన్నూ పెంచింది మా మేనత్త మార్తమ్మ. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే అన్న ఇంటికి వచ్చేసి, మా కోసం ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నాలు గుడి వరండాలో స్త్రీల కూడిక జరిగేది. ప్రార్థన అయ్యాక చాపల మీద కూర్చుని కుట్లూ అల్లికలూ మొదలుపెట్టేవాళ్ళు. క్రిస్మస్‌కి విధవరాండ్రకు జాకెట్లు, పిల్లలకు లాగులు, సంఘంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక ఊలు టోపీ. అల్లిక అందరికీ నేర్పింది అత్తే.

"ఏంటి మార్తమ్మా, తిరువూరు ఎండలకి ఊలు టోపీలేంటి? పిల్లల తలకాయలు ఉడికిపోవూ?" అని సుగుణమ్మగారు ఎప్పుడూ ఆటపట్టించేది.

"డిసెంబరులో నిన్ను ఒట్టి ఒంటితో ఈ అరుగు మీద పడుకోబెడతా. తెల్లారాక అడుగు," అనేది అత్త. వరండా అంతా నవ్వులే.

అత్త పెట్టిన నియమం ఒకటుండేది. ఎవరికోసం అల్లుతున్నామో వాళ్ళ పేరు చెప్పి ప్రార్థించాకే మొదటి కుట్టు వెయ్యాలి. పని అయ్యేవరకూ వాళ్ళనే మనసులో పెట్టుకోవాలి. ఇంకా పుట్టని బిడ్డకైతే పేరుండదు కదా. అప్పుడు "ప్రభువా, నీకు తెలిసిన బిడ్డ" అనాలి.

ఇంకొక సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఉంది. అత్తది ఎడమచేతి వాటం. టోపీ పైభాగానికి వచ్చేసరికి కుట్లు తగ్గించుకుంటూ పోతాం. అలా తగ్గించినప్పుడు నడినెత్తిన పిల్లల జుట్టులో ఉన్నట్టు ఒక సుడి ఏర్పడుతుంది. మా అందరి టోపీల్లో సుడి కుడివైపు తిరిగేది. అత్త అల్లిన వాటిలో మాత్రం ఎడమవైపు. నేను ఎన్నోసార్లు ఆమెలా ఎడమచేత్తో అల్లాలని చూశాను. నాకు రాలేదు. కుట్లు వదులై జారిపోయేవి.

అక్క రెడ్డిగూడెంలో కాపురం ఉండేది. బావగారు అక్కడి బళ్ళో టీచరు. అక్కకు రెండుసార్లు కడుపు వచ్చి, పోయింది. రెండోసారి ఏడోనెల దాటాక పోయింది. అక్క అత్తగారు పైకి ఏమీ అనకపోయినా, కొడుక్కి వేరే సంబంధం గురించి చుట్టాలతో మాట్లాడుతోందని అక్క చెవిన పడింది. మా మేనత్త ఇదంతా విని, "నా కరుణ బిడ్డకి టోపీ నేనే అల్లాలి. అల్లకుండా పోను," అనేది.

కానీ పోయింది. ఆ ఏడు ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాల దినాల్లో జ్వరం వచ్చి, మంచం దిగకుండానే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. చివరి రోజు మాట పడిపోయింది గాని, ఎడమచేతి వేళ్ళు దుప్పటి అంచు మీద అల్లుతున్నట్టే కదిలాయి. ఆమె సూదులు నేను దాచుకున్నాను. అప్పటికి అక్కకు మళ్ళీ నెల తప్పిన సంగతి ఎవరికీ తెలియదు. అక్కకే తెలియదు.

వానలు తగ్గాక అక్క కాన్పుకని మా ఇంటికి వచ్చింది. బావగారు బడి పని మీద బెజవాడ వెళ్ళి లేతపసుపు ఊలు తెచ్చారు. మా కూడికలో అంతకుముందు ఎవరమూ ఆ రంగు వాడలేదు. అత్త పోయిన ఎన్నో నెలలకు వచ్చిన ఊలు అది. దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి.

నేను వీధి వాకిట్లో కూర్చుని అల్లుతుంటే పక్కింటి సీతారావమ్మగారు చూసి అదిరిపడ్డారు. ఆవిడ రైతు కుటుంబం, మాకు అమ్మలాంటి మనిషి.

"ఇదేం పనే చిట్టీ? పుట్టకముందే బట్టలు సిద్ధం చేస్తారా ఎవరన్నా? ఒకసారి కాదు, రెండుసార్లు చూశాం కదమ్మా!"

"మాకు అలాంటి పట్టింపులు లేవండి పిన్నిగారూ."

"మీ దేవుడికి లేకపోతే లేకపోనీ. నా ప్రాణానికి ఉంది," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాలో ముల్లులా దిగింది. నాన్నను అడిగాను. "భయపడుతూ అల్లకు, భయపడి మానకు. విశ్వాసం ఉంటే అల్లు," అన్నారు. "ప్రభువా, నీకు తెలిసిన బిడ్డ" అని చెప్పి, అత్త సూదులతోనే ఒక టోపీ, ఒక జత మేజోళ్ళు పూర్తిచేశాను. ఊలు ఉండలో సగం దాకా మిగిలింది. అన్నీ ఒక గుడ్డసంచిలో వేసి నా రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెళ్ళో సిలువ గొలుసుకే ఉండేది.

నెలలు నిండేకొద్దీ అక్క మాటలు తగ్గిపోయాయి. ఒకరోజు తల దువ్వుతుంటే, "ఈసారీ ఇంతే అయితే నేనింక రెడ్డిగూడెం వెళ్ళనే చిట్టీ. ఆయన్ని తెంచుకోమంటాను," అంది. నేను జడ అల్లి ముడి వేశాను.

డిసెంబరు మొదట్లో ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. సంఘంలోనే ఉన్న నర్సు గ్రేసమ్మగారు వచ్చారు. ఎన్నో కాన్పులు చేసిన చెయ్యి. అక్క మా ఇంటికి వచ్చినప్పటినుంచీ చూసిందీ ఆవిడే. కడుపు పెద్దగా ఉంటే బిడ్డ పుష్టిగా ఉంది అనుకున్నాం. ఆ రోజుల్లో లోపలికి చూసే యంత్రాలు మా ఊళ్ళో లేవు.

మధ్యాహ్నం దాటాక మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. గ్రేసమ్మగారు తలకిందులుగా పట్టుకుని చరిచారు, నోట్లో ఊదారు, వేడినీళ్ళూ చన్నీళ్ళూ మార్చి మార్చి ముంచారు. చాలాసేపు చూశాక తువ్వాలులో చుట్టి, సాయానికి వచ్చిన సీతారావమ్మగారి చేతుల్లో పెట్టారు. వసారాలో మోకాళ్ళ మీదున్న నాన్న గొంతు ఆగిపోయింది. అక్క ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

పుట్టకముందే అల్లానన్న మాటే నా చెవుల్లో మోగుతోంది. సీతారావమ్మగారు ఆ మాట ఎత్తనే లేదు. బిడ్డకు స్నానం చేయించి, ఒళ్ళు తుడిచి, నెమ్మదిగా అన్నారు: "ఒట్టి తలతో పంపకూడదమ్మా. నువ్వల్లిన టోపీ పట్రా."

ముందుగదిలోకి వెళ్ళి పెట్టె తాళం తీశాను. సంచి విప్పాను. మేజోళ్ళున్నాయి. సూదులున్నాయి. మిగిలిన ఊలు ఉండ మాత్రం లేదు. టోపీలు రెండున్నాయి.

ఏడ్చి ఏడ్చి కళ్ళు మసకబారాయేమో అనుకుని రెండిటినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. పడమటి ఎండ సూటిగా పడుతోంది. రెండూ లేతపసుపే. ఒకటి నాది, సుడి కుడివైపు. రెండోది కొంచెం చిన్నది, కుట్లు బిగువుగా, ఒకే తీరుగా ఉన్నాయి. దాని సుడి ఎడమవైపు తిరిగి ఉంది.

అక్క గదిలోకి ఎందుకు వెళ్ళానో తెలియదు. సీతారావమ్మగారి దగ్గరికి వెళ్ళవలసినదాన్ని, అక్కడికి వెళ్ళాను. గ్రేసమ్మగారు సిరంజిలోకి మందు ఎక్కించి దీపం బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. మాయ ఇంకా పడలేదు, రక్తం పోతోంది, ఆ సూది వేస్తే కడుపు బిగిసి మాయ పడిపోతుంది. ఆ రోజుల్లో చేసే పద్ధతి అదే.

"గ్రేసమ్మగారూ, టోపీలు రెండున్నాయండీ," అన్నాను.

"ఉంటే ఉన్నాయిలేమ్మా. అడ్డం లే."

"నేను అల్లింది ఒకటే."

అక్క ఇటు తిరిగింది. నా చేతుల్లోకి చూసింది.

"అది అత్త అల్లింది," అంది. తర్వాత తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, మెల్లగా, తప్పు చేసినదానిలా అంది: "ఇంకా కదులుతోందండీ. ఇందాకణ్ణించీ కదులుతోంది. పోయిన బిడ్డే అలా అనిపిస్తున్నాడేమో అనుకుని చెప్పలేదు."

గ్రేసమ్మగారు సిరంజి పక్కన పెట్టేశారు. అక్క పొట్ట మీద రెండు చేతులూ వేసి కళ్ళు మూసుకున్నారు. గొట్టం పెట్టి విన్నారు. ఆవిడ ముఖంలో రంగు పోవడం నేను చూశాను.

"నీళ్ళు పెట్టండి," అన్నారు. "ఇంకో బిడ్డ ఉంది."

చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. చిన్న ప్రాణం, చేతికి ఆనలేదు. కానీ ఏడ్చింది. ఆ ఏడుపు విని పక్కగదిలో పోయిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సీతారావమ్మగారు, "ఒరే నాయనా, నీ చెల్లెల్రా," అని వాడికి చెప్పారు. అప్పుడు మేమందరం ఏడ్చాం.

తర్వాత గ్రేసమ్మగారు మెట్టు మీద కూలబడి, "ఆ సూది వేసుంటే లోపలి బిడ్డకి ఊపిరాడేది కాదు. నా చేతులతో నేనే..." అన్నారు.

మర్నాడు ఉదయం బాబును సమాధుల తోటలో పెట్టాం. నేను అల్లిన టోపీ వాడి తలకు కొంచెం వదులైంది. రెండో టోపీ పాపకు కొలత తీసి అల్లినట్టు సరిపోయింది.

ఆ తర్వాత నేను అడగని మనిషి లేదు. అక్కకు అల్లిక రాదు. కూడికలో అందరిదీ కుడిచేతి వాటమే. పాత టోపీలు తెప్పించి పక్కన పెట్టి చూశాం. సుగుణమ్మగారు అత్త అల్లిక చూడగానే గుర్తుపట్టింది. నిద్రలో నేనే అల్లి ఉంటానని ఒక డాక్టరుగారు ఆ తర్వాత అన్నారు. ఆ మాట కూడా ఆలోచించాను. మెలకువలో రాని ఎడమచేతి అల్లిక నిద్రలో వస్తుందా? ఆ ఊలు అత్త చూసినదైనా కాదు.

నాన్న ఆ టోపీని చాలా రోజులు చేతిలో పట్టుకుని కూర్చునేవారు. చివరికి ఒకటే అన్నారు. "నేను బోధించింది మార్చను. ఈ టోపీని దాచను."

నేనూ అక్కడే ఆగిపోయాను. బైబిల్లో కరువునాటి విధవరాలి తొట్టిలో పిండి తరగకుండా చేసిన దేవుడికి సగం ఉండ ఊలు లెక్క కాదు. అది ఒప్పుకుంటాను. కానీ ఎవరి చేతులతో అల్లించాడు? ఆ చేతులు పంపినవాడు బాబును ఎందుకు వదిలేశాడు? మోకాళ్ళ మీద ఎన్నోసార్లు అడిగాను. జవాబు రాలేదు. అక్క మాత్రం ఎప్పుడూ అడగలేదు. "ఇద్దరికీ టోపీలు అందాయి కదే," అనేది.

పాపకు కృప అని పేరు పెట్టాం. ఇప్పుడు విస్సన్నపేటలో పిల్లాపాపలతో ఉంది. టోపీ దాని దగ్గరే ఉంది. సుడి కొంచెం కూడా వదులు కాలేదు.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ పేరు పెట్టకుండానే పంపేసిన బిడ్డ ఉండవచ్చు. ఇంకా ముఖం చూడని బిడ్డ ఉండవచ్చు. కాసేపు చేతిలో పని పక్కన పెట్టి, మా అత్త నేర్పిన మాటలతోనే నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, మాకు తెలియని బిడ్డ, నీకు తెలిసిన బిడ్డ. ఆ తలను నీ అరచేతితో కప్పు. ఆమేన్.