అయిదువందల బిళ్ళలు

దేముడు జింకు రేకును మోకాళ్ళ మధ్య బిగించి, దాని అంచును కొయ్యసుత్తితో మడుస్తున్నాడు. అది నరసమ్మ నీళ్ళ తొట్టికి అడుగు రేకు. దాని అంచును ఒకసారి మడిచి, పక్క రేకు అంచును అందులోకి దూర్చి, రెండింటినీ కలిపి మళ్ళీ మడిస్తే అతుకు పడుతుంది. టంకం ఆ తరువాత. మడత సరిగా పడకపోతే టంకం ఎంత పోసినా నీళ్ళు నిలవవు. రంగూన్‌లో ఈ పజుండౌంగ్ పేటలో ఈ పని చేసేవాళ్ళు ఇంకో నలుగురున్నారు. వాళ్ళు టంకం చాలా పోస్తారు.

నరసమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని ఆ అంచునే చూస్తోంది. కాలవ పక్క కూలీల బారకులో నలభైమంది జెట్టీ కూలీలకు ఆమె వండిపెడుతుంది. వీధి కుళాయి తెల్లవారాక గంటసేపే వస్తుంది. కూలీలు అంతకుముందే తిని పనికి పోవాలి. అంటే ఇవాళ పట్టిన నీళ్ళతోనే రేపటి వంట. పాత తొట్టికి తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది. నూనె కొట్టులో అరువు తెచ్చిన రెండు పీపాలతో నెట్టుకొస్తోంది. వాటిని బుధవారం సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి. ఒక్క పూట కూడు లేదంటే నలభైమందీ వెనకవీధి సూరమ్మ దగ్గరికి పోతారు. పోయినవాళ్ళు తిరిగి రారు.

“బుధారానికి అవుద్దా అన్నా?”

“ఇయాల సోమారవే గదా, అవుద్ది. నువ్వలా గుడ్లప్పగించి సూత్తే మాత్రం అవదు.”

దేముడికి ఈ పని ఎవరూ నేర్పలేదు. పదహారో ఏట భీమునిపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ జెట్టీలో బియ్యం మూటలు మోశాడు. మూట జారి ఎడమచేతి వేళ్ళు రెండు నలిగాక మోతపని పోయింది. లమ్మడా పేటలో ఒక చీనా రేకుల పనివాడి కొట్టు ఎదుట ఆరు నెలలు నిలబడి చూశాడు. పారేసిన కిరసనాయిలు డబ్బాలను విప్పి, అవి ఎలా అతికారో చూసి, మళ్ళీ అతికాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ రేకుల షెడ్డు అతనిదే. దాని పన్నూ అతని పేరు మీదే ఉంది.

షెడ్డు ముందు మనిషి లాగే లాంచా బండి ఆగింది. లాగినవాడు రొప్పుతూ కాడి దించాడు. అందులోంచి కోటు, జరీ కండువా వేసుకున్న ఢిల్లేశ్వరరావు మేస్త్రీ దిగాడు. పదిహేనేళ్ళుగా ఓడల మీద మనుషులను తెచ్చి జెట్టీ పనిలో పెడుతున్నది ఆయనే. నరసమ్మ వండే బారకూ ఆయనదే. ఈ ఏడు శాసన కౌన్సిల్‌లో భారతీయుల స్థానానికి పోటీ చేస్తున్నాడు. వెనకే కాగితాలు చంకలో పెట్టుకుని గుమస్తా చంద్రరావు దిగాడు.

“ఒరే దేముడూ, ఆ తొట్టి పక్కనెట్టు. రేపు సాయంత్రానికి అయిదొందల బిళ్ళలు కావాల.”

“జెట్టీకాడ ఉన్నాయి గదా బాబూ?”

“అయి జెట్టీయి. ఇయి ఓటుయి.”

జెట్టీలో పొద్దున్నే పనికి తీసుకున్న ప్రతివాడికీ మేస్త్రీ ఒక రేకు బిళ్ళ ఇస్తాడు. సాయంత్రం ఎన్ని బిళ్ళలు తిరిగొస్తే అంతమంది పనిచేసినట్టు. మనుషులను లెక్కపెట్టే దారి ఆయనకు ఇదొక్కటే తెలుసు. బుధవారం అయిదువందల మందినీ బిళ్ళలతో పోలింగుకు నడిపిస్తే అయిదువందల ఓట్లు పడతాయని ఆయన నమ్మకం.

దేముడు సుత్తి దించాడు. “జాబితాల పేరుండాలంట గదా బాబూ. పన్ను కట్టినోళ్ళ పేర్లే ఉంటాయంట. మూటలు మోసీవోళ్ళలో పన్ను కట్టినోడెవుడు?”

మేస్త్రీ పొట్ట ఊగేలా నవ్వాడు. “ఇన్నావా చంద్రరావూ! రేకులు కత్తిరించుకునీవోడు నాకు ఎలచ్చన్లు నేర్పుతన్నాడు. ఓడలకి ఓడలు మనుసుల్ని దింపినాను. నాకు లెక్కెట్టడం తెల్దేటి?”

జాబితా చంద్రరావు చంకలోనే ఉంది. అతను చదువుకున్నవాడు కూడా. “తమకు తెలియందేముంది బాబూ” అన్నాడు.

“బాబూ, నా తొట్టి...” అంది నరసమ్మ.

“కౌన్సిల్ల కూకున్నాక ఇంటింటికీ కుళాయి ఏయిత్తాను. అప్పుడు తొట్టెందుకే?”

“మరి గురారం కూడెలాగ బాబూ?”

మేస్త్రీకి నవ్వు పోయింది. “నోరెక్కువైతే వంటసాల సూరమ్మకిచ్చెత్తాను” అని లాంచా ఎక్కాడు.

దేముడు తొట్టి రేకులను గోడకు ఆనించి, బిళ్ళలు కత్తిరించడం మొదలుపెట్టాడు. కత్తిరించిన ప్రతి బిళ్ళ అంచునూ ఆకురాయితో అరగదీశాడు. మంగళవారం సాయంత్రం తీసుకుపోవడానికి వచ్చిన చంద్రరావు విసుక్కున్నాడు.

“ఒక్క పూట పట్టుకునే బిళ్ళకు ఆకురాయి ఎందుకయ్యా?”

“ఒక్క పూటకైనా తెగితే సెయ్యే గదా గుమస్తాగారూ.”

అలా రెండు రోజులు పోయాయి. తొట్టికి బుధవారం ఒక్కటే మిగిలింది.

ఆ పొద్దున తప్పెట్లతో ఊరేగింపు షెడ్డు ముందు నుంచే పోయింది. దేముడు తలెత్తలేదు. మధ్యాహ్నానికి నాలుగు పక్కలూ మడత పడ్డాయి. కుంపట్లో టంకం పెట్టే ఇనుము కాగుతుండగా చంద్రరావు చెమటలు కక్కుతూ వచ్చాడు.

“దేముడూ, లే! లాంచా తెచ్చాను. నీ పేరు జాబితాలో ఉంది.”

“మరి అయిదొందల మంది ఎల్లినారు గదండీ?”

చంద్రరావు నేల చూస్తూ చెప్పాడు. మేస్త్రీ అందరి దగ్గరా బిళ్ళలు బస్తాలోకి తీసుకుని పోలింగు బల్ల మీద కుమ్మరించాడట. కునికిపాట్లు పడుతున్న బర్మా అధికారి ఉలిక్కిపడి లేచి, ఇదేమిటని అడిగాడట. ఒక్కొక్కడి పేరూ వెతికితే అయిదువందల మందిలో ఎనిమిదిమంది తేలారట. మిగతావాళ్ళను బంట్రోతు బయటికి తోలాడట. అసలు ఓటున్న వర్తకులు, ప్లీడర్లు ఇల్లు కదలనే లేదు. కౌన్సిల్‌కు తామే పోదామనుకునేవాళ్ళు ఎక్కువ, ఇంకొకరిని పంపుదామనుకునేవాళ్ళు తక్కువ.

“తమ ఓటో?” అని అడిగాడు దేముడు.

“నా పేరూ లేదు” అన్నాడు చంద్రరావు. “నువ్వే తొమ్మిదోవాడివి. రాకపోతే వంటశాల ఇవాళే సూరమ్మకు ఇచ్చేస్తానన్నారు.”

తొట్టి కోసం పొద్దున్నే వచ్చి కూర్చున్న నరసమ్మ చేతులు జోడించింది. “ఎల్లిరా అన్నా, నీకు దణ్ణవెడతాను.”

“ఎల్లొచ్చీసరికి సీకటడిపోద్ది. అప్పుడాయనకి కోపం లేకపోయినా నీకు తొట్టుండదు.” దేముడు ఇనుము తీసి, మసి పోయేలా నవాసాగరం దిమ్మ మీద రాశాడు, పొగ లేచింది. “గుమస్తాగారూ, మేస్త్రీ బాబుతో సెప్పండి. వంటసాల సూరమ్మకిత్తే ఇచ్చుకోమనండి. రేపొద్దున ఇంకో నలబైమందికి సూరమ్మ నీళ్ళు దేన్ల పోత్తాది? తొట్టి నరసమ్మది. ఓటు మూడేళ్ళకి మళ్ళీ వత్తాది. టంకం సల్లారితే మళ్ళీ మొదలెట్టుకోవాల.”

చంద్రరావు చెమట తుడుచుకుని నడిచి వెళ్ళాడు. ఖాళీ లాంచా వెనక్కి పోయింది.

దేముడు అతుకు వెంబడి ఇనుమును నెమ్మదిగా జరిపాడు. టంకం మడతలోకి పాకింది, పైన పొంగలేదు. పొద్దు వాలకముందే నాలుగు మూలలూ అయ్యాయి. తొట్టిని తోపుడుబండి మీద బారకుకు తీసుకుపోయి వంటశాలలో ఇటుకల మీద కూర్చోబెట్టాడు. నీళ్ళు కారితే మచ్చ తేలేలా అతుకులన్నిటికీ బయట సున్నం రాశాడు. నరసమ్మ పీపాల్లో నీళ్ళు కడవతో తోడి తొట్టిలో పోసింది. సూరమ్మ కోసం ఎవరూ కబురంపినట్టు లేదు, గుమ్మంలోకి ఎవరూ రాలేదు. నూనె కొట్టువాడు ఖాళీ పీపాలు దొర్లించుకుపోయాడు.

ఇద్దరూ సున్నం చారలను చూస్తూ కూర్చున్నారు. ఎక్కడా తడి మచ్చ లేవలేదు. దేముడు వంగి, అడుగంతా అరచేతితో తడిమాడు. చెయ్యి పొడిగా వచ్చింది.

“తీసుకో సెల్లీ” అని తొట్టి రేకు మూత ఆమె చేతికిచ్చాడు.