కిటికీ కొట్టుకి అడ్డంగా ఒక గోడ

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి సాల్మియాలో బస్సెక్కాను. వారానికి ఒక్కటే సెలవు. ఆ రోజు పదకొండు దాకా ముసుగుతన్ని పడుకోవడం నా హక్కని అనుకునేవాణ్ణి. ఆ హక్కు కాస్తా లాగేసుకుంది మా ఆఫీసు ప్లానరు ఎలెనా మేడమ్. ఆవిడది బల్గేరియా రాజధాని సోఫియా. సోషలిస్టు ప్రభుత్వం ఉన్నన్నాళ్లూ అక్కడ అపార్టుమెంట్ల పేటలు గీసింది. అది పడిపోయాక ఉద్యోగం వెతుక్కుంటూ కువైట్ వచ్చింది. నేను అమలాపురం నుంచి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆవిడ పెన్సిలుతో గీసినదాన్ని ట్రేసింగు కాగితం మీద ఇంకుతో ఎక్కించడం నా పని. తొంభైల మధ్యలో సంగతి ఇది, కంప్యూటరు ఇంకా మా గదిలోకి రాలేదు.

మేం వెళ్తున్నది అబూ హలీఫాకి. అక్కడ బస్‌స్టాపుకీ అద్దె భవనాల వెనక వైపుకీ మధ్య ఖాళీ ఇసక స్థలం ఉంది. దాన్ని చదును చేసి, కార్లు నిలిపే చోటుగా మార్చి, చుట్టూ గోడ కట్టాలని మా ప్లాను. శనివారం పొద్దున్నే ఇంజనీరు దగ్గర ముద్ర పడాలి. "గీసిన చోట ఒకసారి నడవకుండా సంతకం పెట్టను" అంది మేడమ్. ఇసకలో నడవడానికేముందని నాకు అనిపించింది గానీ, పైఅధికారితో వాదించి బాగుపడ్డవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

టికెట్టు మనిషికి రెండు వందల ఫిల్సులు. ముందు సీట్లు ఆడవాళ్లవి కాబట్టి మేడమ్ అక్కడ కూర్చుంది, నేను సరిగ్గా ఆవిడ వెనక సీట్లో. పక్క సీట్లో రాయచోటి ఆమె, రమణమ్మ. సాల్మియాలో ఒకరింట్లో పని చేస్తుందట. అబూ హలీఫాకి టికెట్లు తీసుకుని, నిద్ర పాడైందని నేను తెలుగులో గొణుక్కోవడం వినగానే వెనక్కి తిరిగింది.

"ఈ మేడమ్ యా దేశమామె అన్నా? అబూ హలీఫాకు యాల పోతాండారు?"

ఊరు చూడ్డానికన్నాను.

"ఆడ సూసేదానికేముందన్నా, ఇసక! నాతో రాండి, పెసరట్టు తినిపిస్తా. మూడింటికంతా మా ఇంటి యజమానురాలు మామా ఇంటికాడ ఉండమనింది, అంతవరకూ నాకేం పన్లేదు."

పదింటికి దిగాం. రమణమ్మ ఎటూ చూడకుండా ఇసకలోకి నడిచింది. అప్పుడు గమనించాను, ఇసక మధ్యన గట్టిపడిన కాలిబాట ఉంది. మా ప్లానులో అలాంటిదేమీ లేదు. మేడమ్ తన పెన్సిలు ప్లాను విప్పి, బాటని చూసి, మళ్లీ ప్లానుని చూసి ఏదో గొణిగింది. బల్గేరియన్‌లో తిట్లు ఎలా ఉంటాయో ఆ రోజే తెలిసింది.

బాట సరిగ్గా ఒక భవనం వెనక ఆగింది. అక్కడ నేలబారున ఒక కిటికీ, అందులోంచి వేడివేడి పెసరట్టు వాసన. లోపల సెల్లారు గదిలో ఉంటున్నావిడ రాజోలు నుంచి వచ్చిన సత్యవతిగారు. కొనాలంటే గొంతుక్కూర్చోవాలి. యాభై దాటిన మేడమ్ ఇసకలో గొంతుక్కూర్చుని పగలబడి నవ్వింది. "మా ఊళ్లోనూ ఇంతే! ప్రభుత్వం పోయాక మేం గీసిన భవనాల సెల్లారు కిటికీలన్నీ కొట్లయిపోయాయి. సిగరెట్టు కొనాలన్నా మోకాళ్లు వంచాల్సిందే."

అల్లప్పచ్చడి ఘాటుకి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా రెండోది అడిగింది.

"ముందు గేటు లేదా?" అన్నాను.

"ఉందండి. హారిస్ ఊరుకోడండి, కొట్టెట్టావంటాడు" అంది సత్యవతిగారు. హారిస్ అంటే భవనం కాపలావాడు. "మా ఆయనకి డ్యూటీ పోయి నాలుగు నెల్లండి. వీసాకి పూచీ ఉండే ఇంకో కఫీల్ దొరికేదాకా ఈ కిటికీయే మాకు ఆధారం. ఇది కూడా పోతే ఇంటికెల్లిపోవాల్సిందేనండి. ఆ కాగితమేటండి మీ మేడమ్ చేతిలో?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ పెట్టిన పెసరట్టు చేతిలో ఉండగా మనసొప్పలేదు. ఈ కిటికీకి మూరెడు దూరంలో గోడ వస్తుందనీ, దాన్ని ఇంకుతో గీసింది నేనేననీ చెప్పేశాను. రమణమ్మ నమలడం ఆపేసింది.

సత్యవతిగారు అట్టు తిరగేసి అంది: "అయితే వచ్చే వారానికి పెసలు నానబెట్టుకోవద్దంటారా?"

ఆ మాట మేడమ్‌కి ఇంగ్లీషులో చెప్పాను. సిగ్గుతో తల వంచుకున్నాను.

పదకొండున్నరకి తిరుగు బస్సెక్కాం. ఫింటాస్ దాటగానే మేడమ్ ప్లాను విప్పి ఒళ్లో పరుచుకుంది. తర్వాత అంది: "సోఫియాలో ఒకసారి ఇలాగే జనం నడిచే దారికి అడ్డంగా గోడ గీశాను. వారం తిరక్కుండా దానికి కన్నం పెట్టారు. ఇక్కడెవరు పెడతారు?"

"ఎవరూ పెట్టరు మేడమ్. ఇఖామా పోతే ఈ దేశంలో ఉండనివ్వరని భయం. చుట్టూ తిరిగి వెళ్తాం, లేకపోతే వెళ్లడం మానేస్తాం."

"అయితే కన్నం మనమే పెట్టాలి, కాగితం మీద." పెన్సిలూ రబ్బరూ నా చేతిలో పెట్టింది. "నువ్వు గీయి. బాట ఎక్కడుందో నాకంటే నీకే బాగా తెలుసు."

ఇంజనీరు అడిగితే ఏం చెప్పాలన్నాను. "ఫైరింజను దారి అని రాయి. ఆ మాట చూసి కాదన్న ఇంజనీరు ఏ దేశంలోనూ లేడు."

మూడేళ్లుగా ఇంకొకరు గీసినదాని మీదే ఇంకు పోశాను. బస్సు కుదుపుల్లో ఆ గోడని కొంత చెరిపేసి, అక్కడ బాట గీశాను. భయమూ ఉంది, కాదనను. దాన్ని మించి సంతోషంగా ఉంది.

సాల్మియాలో దిగి గదికి పోకుండా ఆఫీసుకెళ్లాను. ట్రేసింగు మీద ఇంకుని బ్లేడుతో మెల్లగా గీకేశాను. శనివారం ఇంజనీరు ఫైరింజను అన్న మాట చదివి, తలూపి, ముద్ర వేశాడు. వెంటనే సత్యవతిగారు ఆర్డర్లకని ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను.

"గోడలో దారి వదిలామండీ. పెసలు నానబెట్టుకోండి" అన్నాను.

"నిన్న మీరెల్లగానే నానబెట్టేశానండి" అంది ఆవిడ. "గోడొత్తాదని జనానికి ఆకలాగుద్దేటండీ?"