నాలో ఎక్కువైన ఒక్కటి

పెళ్లికి పది రోజుల ముందు ఎవడైనా తన పెళ్లిని తానే కత్తెరతో కత్తిరించుకుంటాడా? నేను ఆ పని చేశాను, అదీ అరవై మంది మెడికల్ విద్యార్థుల ఎదుట! నేను చెప్పే కథల్లో ఇదొక్కటే పూర్తిగా నిజం, నమ్మండి.

అవి ఎనభైల తొలిరోజులు. మాది జగ్గయ్యపేట. మెడికల్ కాలేజీలో కొత్తగా పాఠాలు చెబుతున్నాను. నందిగామ సంబంధం కుదిరింది. పెళ్లికూతురి చెల్లెలు పద్మ నా క్లాసులోనే, మొదటి బెంచీలో!

అప్పట్లో క్రోమోజోముల పరీక్షంటే చేతిపని. ఒక రక్తకణాన్ని ఫోటో తీసి, అందులోని నలభై ఆరింటినీ కత్తిరించి, జతలుగా అట్టకు అంటించాలి. ఒకదానిమీద ఒకటి పడుంటే, అదే ఫోటో రెండు కాపీలు తీసి, ఒక్కోదాన్ని ఒక్కో కాపీలోంచి కత్తిరించాలి.

"నార్మల్ మగవాడెలా ఉంటాడో చూడండి," అంటూ నా రక్తంతో తీసిన ఫోటోలనే, తలనీలాలు తీసే మంగలిలా చకచకా కత్తిరించి అంటించాను.

పద్మ లేచింది. "సార్, నలభై ఏడున్నాయండీ."

"సరిగ్గా లెక్కపెట్టమ్మా."

"మూడుసార్లు లెక్కపెట్టా సార్. ఎక్స్ ఒకటుండాల్సింది రెండున్నాయి, వై ఒకటి."

క్లాసంతా అట్టని వదిలి నన్ను చూసింది. అలాంటివాళ్లకు పిల్లలు పుట్టడం కష్టమని పది నిమిషాల క్రితమే చెప్పాను మరి! ఇంకో కణం ఫోటో చూద్దామన్న బుద్ధి పుడితేగా? అట్ట అక్కడే వదిలేసి నందిగామ బస్సెక్కాను.

కాబోయే మామగారు దగ్గరుండి పందిరి వేయిస్తున్నారు.

"మామయ్యగారూ, నాలో ఒకటి ఎక్కువుందండి."

"తక్కువుంటే బాధగానీ, ఎక్కువుంటే ఏంటి అల్లుడుగారూ?"

"పిల్లలు పుట్టరండీ!"

ఆ కేక నాలుగూళ్ల అవతలి కీసర దాకా వినపడి ఉంటుంది. పందిరి మీదివాళ్లు తాళ్లు వదిలేశారు. అత్తగారు అరుగుమీద కూలబడ్డారు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది.

ఇంతలో వెనక బస్సు దిగిన పద్మ అట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "బావగారూ, మీకేం లేదు! ఒకే ఎక్స్‌ని రెండు కాపీల్లోంచీ కత్తిరించారు. చూడండి, రెంటికీ అదే వంకర!"

మామగారు అట్టనీ నన్నూ మార్చి మార్చి చూశారు. "ఇలాంటివాడికి పిల్లనివ్వడమా?"

లోపల్నుంచి పెళ్లికూతురి గొంతు మొదటిసారి విన్నాను.

"ఇచ్చెయ్యి నాన్నా. వీధిలో నిలబడి అంత మాట అరిచాక, మనం కాదంటే ఆయనకి ఇంకెవరిస్తారు?"

అలా జాలిమీద జరిగింది నా పెళ్లి. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఆ వీధంతా తరలివచ్చి, కళ్లారా చూసి నమ్మింది.

కత్తెర మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో పాఠానికి నా రక్తం వాడను. కావాలంటే ప్రిన్సిపాల్‌గారిది అడుగుతాను. ఆయనకెలాగూ పెళ్లయిపోయింది.